చలిదేశమున కారుకు కుంపటి

మన దేశమున ఆడపిల్ల తొలిచూలు పురిటికి పుట్టింటికి వచ్చుట తరతరముల ఆచారము. నెలలు నిండుచుండగా తల్లి వెళ్ళి, చలిమిడి పెట్టి, పిల్లను వెంటబెట్టుకొని వచ్చును. కాలము మారినది. ఉద్యోగముల నిమిత్తము పిల్లలు ఖండాంతరములకు పోవుచున్నారు. వారు రాలేనప్పుడు పుట్టిల్లే కదలి వారి యొద్దకు పోవలసివచ్చుచున్నది. అట్లు కదలిన పుట్టిండ్లలో మాది యొకటి. 2019 జనవరి నెలలో, సంక్రాంతి వెళ్ళిన మూడవనాడు, రెండు పెట్టెలలో కాయపుపొడియు, వామును, మినపసున్నియు, మెత్తబడిన పాత నూలుచీరలును సర్దుకొని, రాజమహేంద్రవరము నుండి కెనడాదేశమునందలి విన్నిపెగ్ నగరమునకు బయలుదేరితిని.

హైదరాబాదు, ఢిల్లీ, టొరంటో నగరముల మీదుగా ప్రయాణము. ఆ ప్రయాణమును వర్ణించి సోదరీమణులకు విసుగు కలిగింపను. నేను చెప్పదలచినది ఒక చిన్న వస్తువును గూర్చి. ఆ నగరమున అది లేని యిల్లు అరుదు. మన దేశమున దానిని చూచినవారు అరుదు. దానివలన నాకొక బుద్ధి వచ్చినది. ఆ బుద్ధి ఎంత కష్టముమీద వచ్చినదో దాచక చెప్పెదను.

విన్నిపెగ్ మానిటోబా రాష్ట్రమునకు ముఖ్యపట్టణము. కెనడాదేశపు పటమును తూర్పుపడమరలు సమముగా మడిచినచో ఆ మడత దాపుననే యీ యూరు కనబడును. ఉత్తర అక్షాంశము దాదాపు 50 డిగ్రీలు. చుట్టును అరచేయివంటి మైదానము. ఉత్తరధ్రువపు గాలికి అడ్డుపడుటకు ఒక కొండ యైనను లేదు. చలిని తగ్గించుటకు సముద్రము దాపున లేదు. విన్నిపెగ్ అను మాటకు క్రీ జాతివారి భాషలో బురదనీరు అని యర్థమట. ఆ మాట విన్నప్పుడు వరదగోదావరి నీరు నా కన్నులకు కట్టెను. కాని ఆ దినములలో అక్కడ నీరనునదే కానరాదు. ఎటు చూచినను మంచు.

మన మన్యములోని లంబసింగి యొద్ద తెల్లవారుజామున నీరు పేరుకొనునంత చలి పడుననగానే మనవారు బండ్లు కట్టించుకొని చూడబోవుదురు. విన్నిపెగ్ వారికి మార్చి నెలాఖరున ఆ మాత్రపు చలి వచ్చెనేని పైకోటు గుండీలు విప్పుకొని వీధులలో తిరుగుదురు. నడిశీతకాలమున వారి చలి సున్నకు దిగువ 30 డిగ్రీలకును దిగును. ఒక్కొక్కప్పుడు 40కిని చేరును. అచ్చట సెంటీగ్రేడు, ఫారన్‌హీటు కొలతలు రెండును ఒకటే యగును గనుక, ఏ కొలత అని యడుగవలసిన పనియే లేదు.

విమానాశ్రయము వెలుపలికి రాగానే ముక్కులోని తడి గడ్డకట్టి గుచ్చుకొనెను. అడుగు తీసి యడుగు వేసిన, మంచు క్రొత్త చెప్పువలె కిర్రుమనుచుండెను. కార్లు నిలిపిన చోటికి అల్లుడుగారు తీసికొనిపోయిరి. అచ్చట నేనొక వింత చూచితిని. ప్రతి కారు ముక్కు నుండియు ఒక నల్లని త్రాడు వెలికి వచ్చియుండెను. దాని కొనయందు మూడు ముండ్ల ప్లగ్గు. కొన్ని కార్ల త్రాళ్ళు ఊరక వ్రేలాడుచుండెను. కొన్ని ఎదుటనున్న పొట్టి గుంజలకు తగిలింపబడి యుండెను. సంతనాడు వరుసగా గుంజలకు కట్టివేసిన ఎడ్లు నాకు జ్ఞప్తికి వచ్చినవి.

"బాబూ, ఈ దేశమున కార్లకుగూడ ముకుత్రాళ్ళు వేయుదురా?" అంటిని.

అల్లుడుగారు నవ్విరి. "ముకుత్రాడు కాదండీ అత్తయ్యగారూ, కుంపటి. కారులోపల చిన్న కుంపటి యున్నది. దానికి కరెంటు ఈ త్రాటి గుండా పోవును. బ్లాకు హీటరు అందురు."

కారుకు కుంపటి యేమిటని నేను ఇల్లు చేరువరకును ఆలోచించుచునే యుంటిని. ఇంటికి పోయిన పిమ్మట మా యమ్మాయి విప్పి చెప్పెను.

"అమ్మా, శీతకాలమున మన యింట కొబ్బరినూనె సీసాలో ఏమగును?"

"పేరుకొనును."

"అప్పుడు నీవేమి చేయుదువు?"

"ఎండలోనో పొయ్యి దాపుననో పెట్టుదును."

"ఇదియు నంతే. మన కొబ్బరినూనె మన చలికే గడ్డకట్టుచున్నదే! ఇంజనులోని నూనె యీ చలికేమి కావలెను?"

ఇంజనులో ఇనుముతో ఇనుము ఒరసికొనకుండ నూనె పోయుదురు. గొప్ప చలిలో ఆ నూనె చిక్కబడి ఆముదమువలె కదలనొల్లదు. దానిని త్రోసికొని ఇంజను తిరుగవలెనన్నచో ఎక్కువ బలము కావలెను. ఆ బలమిచ్చునది బ్యాటరీ. చలిలో బ్యాటరీయు నీరసించును. సున్నకు దిగువ 18 డిగ్రీల యొద్ద దాని శక్తి సుమారు సగమునకు పడిపోవునని చెప్పుదురు. పెట్రోలు సయితము సరిగా ఆవిరి కాదు గనుక తేలికగా అంటుకొనదు. ఎక్కువ బలము కావలసిన వేళకే బలము తగ్గుట యిందలి చిక్కు.

దీనికి విరుగుడు బ్లాకు హీటరు. ఇంజనుయొక్క పెద్ద లోహపు దిమ్మెను బ్లాకు అందురు. ఆ దిమ్మెలో సన్నని కాలువలు గలవు. నీటిలో గడ్డకట్టనీయని ద్రావకమును కలిపి వానియందు నింపుదురు. దిమ్మె ప్రక్కను మూతలు బిగించిన రంధ్రములుండును. ఒక మూతను తీసివేసి దాని స్థానమున చిన్న విద్యుత్కడ్డీని బిగింతురు. మనము బొక్కెనలో వేసి స్నానమునకు నీళ్ళు కాచుకొను కడ్డీకి ఇది చెల్లెలని యనుకొనవచ్చును. కడ్డీ ఆ ద్రవమును వెచ్చచేయును. వెచ్చనిది పైకి పోవును, చల్లనిది క్రిందికి వచ్చును. క్రమముగా దిమ్మె యంతయు వెచ్చబడి, దానివలన నూనెయు కొంత పలుచనగును. మా యల్లుడుగారి కారులోనిది 400 వాట్లది. అనగా రెండున్నర గంటలకు ఒక యూనిట్టు కరెంటు త్రాగును. బయలుదేరుటకు రెండుమూడు గంటలు ముందు పెట్టిన చాలునట. అందుచేత తెలివిగలవారు త్రాటికి నడుమ టైమరు పెట్టి, తెల్లవారుజామున నాలుగు గంటలకు దానంతట అదియే వెలుగునట్లు అమర్చుకొందురు. రాత్రియంతయు వెలిగించినను వచ్చు మేలు హెచ్చు కాదు. కరెంటు ఖర్చు మాత్రము హెచ్చును.

ఈ కడపటి మాట నా మనస్సున బాగుగా నాటుకొనెను. నాటుకొనకున్నచో బాగుండెడిది.

నేను దీపములార్పు కుటుంబమునుండి వచ్చినదానను. మా యత్తగారు రాత్రి పడుకొనబోవుటకు ముందు ఇల్లంతయు ఒకసారి తిరిగి, అక్కరలేని దీపమును ఆర్పి, పంపు కట్టి, పొయ్యిలో నిప్పు నార్పి, తలుపు గడియ చూచి మరి పడుకొనెడివారు. నలువది యేండ్లుగా నేనును ఆ వాడుకనే పాటించుచున్నాను. అమ్మాయి యింటిలోను రాత్రి యట్లే తిరుగుచుంటిని. వారి పెరటి తలుపు ప్రక్కను ఒక స్విచ్చి గలదు. దానిలో చిన్న యెఱ్ఱదీపము. ఆ స్విచ్చి వేసినగాని వెలుపలి గోడనున్న ప్లగ్గుకు కరెంటు పోదు. నేను వచ్చిన క్రొత్తలో అది రాత్రివేళ వెలుగుచు నుండినను, త్రాటికి టైమరు కలదని తెలియును గనుక దాని జోలికి పోలేదు.

జనవరి కడపటి వారమున నొకనాడు అల్లుడుగారు టైమరును తీసి లోపల బల్లమీద పెట్టుట చూచితిని. ఆ రాత్రి ఎఱ్ఱదీపము వెలుగుచునే యుండెను. టైమరు లేదు. రాత్రియంతయు పెట్టిన దండుగయని నాతో చెప్పినవారు తామే మరచిపోయిరని నేననుకొంటిని. అలసి నిద్రించు పిల్లలను ఇంత చిన్న సంగతికి లేపుట యేల యని, స్విచ్చి నొక్కి, ఎఱ్ఱదీపము నార్పి, నాకు నేనే మెచ్చుకొని పడుకొంటిని.

మా యమ్మాయికి నెలలు నిండినవి. ఏ వేళ నొప్పులు వచ్చినను కారు సిద్ధముగా నుండవలెనని, ఆ కొలదిదినములు రాత్రింబవళ్ళు హీటరు వెలిగించియే యుంచుటకు అల్లుడుగారు టైమరును తీసివేసిరి. ఆ సంగతి నాతో చెప్పవలెనని వారికి తోచలేదు. అడుగవలెనని నాకు తోచలేదు.

రాత్రి రెండు గంటలవేళ అమ్మాయి పిలిచెను. నొప్పులు మొదలైనవి. వెలుపల చలి సున్నకు దిగువ 30 డిగ్రీలు దాటియుండెను. దానికి గాలియు తోడు. ఆసుపత్రికి ఫోను చేసి, సిద్ధముగా నున్న సంచి తీసికొని, పిల్లకు రెండు కోట్లు తొడిగి, తలుపు తీసితిమి. అల్లుడుగారు ముందుగా పోయి కారులో కూర్చుండి తాళము త్రిప్పిరి. ఇంజను ఒకసారి మూలిగెను. మరల త్రిప్పగా ఇంకను సన్నగా మూలిగెను. మూడవసారి టక్కుమని చప్పుడై యూరకుండెను.

వారు దిగి కారు ముక్కు చూచిరి. ప్లగ్గు తగిలించియే యున్నది. మూతమీద చేయి పెట్టి చూచి, గబగబ లోపలికి వచ్చి, స్విచ్చి వంక చూచిరి. ఎఱ్ఱదీపము లేదు. ఒక్క మాటయు అనక స్విచ్చి వేసిరి. నా గుండె జారిపోయెను. అప్పుడు వేసిన ప్రయోజనమేమి? ఆ వేడి ఇనుపదిమ్మెకు ఎక్కుటకు గంటలు కావలెను. పురిటినొప్పులకు గంటలు లెక్కయా? నేను నోరు తెరచి, "బాబూ, ఆర్పినది నేనే" అంటిని. వారు విన్నారో లేదో తెలియదు. అంబులెన్సును పిలుచుటకు ఫోను తీయుచు, ఎదురింటి కిటికీలో వెలుగు చూచి, ఆగి, వీథి దాటి పరుగెత్తిరి.

ఎదురింట ఒక వృద్ధురాలు ఒంటరిగా నివసించుచుండెను. డెబ్బదియైదు దాటిన మనిషి. ఆమె పూర్వులు ఉక్రెయిన్ దేశమునుండి వలసవచ్చి ఆ ప్రాంతమున సేద్యము చేసినవారు. రాత్రి దుస్తులమీద పొడుగుకోటు తొడుగుకొని, తలకు ఉన్నిరుమాలు చుట్టుకొని, మూడు నిమిషములలో ఆమె వెలికి వచ్చెను. తన కారు ముక్కునుండి ప్లగ్గును ఊడబెరికి, త్రాటిని గోడనున్న మేకుకు తగిలించి, కూర్చుండి తాళము త్రిప్పెను. వేసవిలోవలె ఒక్క త్రిప్పునకే కారు పలికెను. ఆ చప్పుడు నా చెవులకు మంగళవాద్యమువలె వినవచ్చినదన్న అతిశయోక్తి కాదు.

ఆ రాత్రి విన్నిపెగ్ వీథులను నేనెన్నటికిని మరువను. వీథిదీపముల క్రింద మంచు నీలముగా మెరయుచుండెను. ఇండ్ల పొగగొట్టములనుండి తెల్లని ఆవిరి నిట్టనిలువుగా లేచుచుండెను. దారి పొడుగునను, ప్రతి యింటి ముంగిటను, గోడనుండి కారు ముక్కు వరకు నల్లని త్రాడు మంచుమీద సాగి యుండెను. ఆ త్రాళ్ళను ఒకటొకటిగా చూచుచు, ఇందరు తల్లులకును తెలిసిన సంగతి నాకు తెలియకపోయెనే యని కుమిలితిని. తెల్లవారుచుండగా మనుమరాలు పుట్టెను. తల్లియు బిడ్డయు క్షేమము.

నేను ఆనాడే మా యమ్మాయితో అంతయు చెప్పితిని. అది నా చేయి పట్టుకొని, "నీవు దీపమార్పకుండ ఎన్నడైన పడుకొంటివా అమ్మా? మేమే చెప్పవలసినది" అనెను. అల్లుడుగారు, "తప్పు నాదండీ, అత్తయ్యగారూ. టైమరు తీసినప్పుడు స్విచ్చిమీద ఒక చీటీ అంటింపవలసినది" అనిరి. మందలించినచో నా మనస్సు తేలిక పడియుండును. మందలింపలేదు గనుక ఆ సంగతి నేటికిని నా మనస్సున నిలిచియున్నది.

పదిదినములు గడచిన పిమ్మట ఎదురింటామె దుంపల పులుసు కాచి తెచ్చెను. బిడ్డను చూచి మురిసి, నాతో మాటాడుచు కూర్చుండెను. నాకు వచ్చిన కొద్దిపాటి ఇంగ్లీషుతో నేనామెకు కృతజ్ఞత చెప్పి, "మరునాడు మీరెచ్చటికైన పోవలసి యుండెనా? మీ కారుకు హీటరు పెట్టియుంచితిరే!" అంటిని.

ఆమె తల యూపెను. "ఎచ్చటికిని లేదు. శీతకాలమున నేను వారమునకొకసారి కంటె కదలను. మీ పిల్లకు నెలలు నిండినవని తెలియును. రెండిండ్లలో ఒక కారైనను కదలవలెను గదా యని, పది రాత్రులనుండి నాదియు తగిలించియుంచితిని" అని మామూలు మాట చెప్పినట్లు చెప్పెను.

నాకు కన్నులు చెమ్మగిల్లెను. మా కొరకై ఆమె యింట కరెంటు లెక్క పది రాత్రులు తిరిగినది. మాకు తెలియనే తెలియదు. నేను మా యింటి లెక్కను కాపాడుచున్నానని మురిసి దీపమార్పిన రాత్రియు, ఆమె యింటి దీపము మా కొరకు వెలుగుచునే యుండెను.

తన చిన్ననాటి సంగతులును ఆమె చెప్పెను. పల్లెలకు విద్యుచ్ఛక్తి యింకను రాని దినములవి. శీతకాలపు సాయంకాలమున ఆమె తండ్రి లారీ నిలుపగానే ఇంజనులోని నూనెను వేడివేడిగా డబ్బాలోనికి దింపి వంటయింటి పొయ్యి ప్రక్కను పెట్టెడివాడట. రేడియేటరులోని నీటిని పారబోసి, బ్యాటరీని విప్పి లోపలికి తెచ్చెడివాడట. ఉదయమున తల్లి కాఫీ కాచుచు నూనెడబ్బాను గూడ పొయ్యి దాపునకు జరిపెడిదట. వెచ్చని నూనెను మరల పోసి, వేడినీటిని నింపి, అప్పుడు మర త్రిప్పుదురు. కెనడా ఉత్తరప్రాంతములలో తొలినాటి విమానములు నడపినవారును ఇట్లే రాత్రి నూనె దింపుకొని, ఉదయమున కాచి పోసికొనెడివారు. "మా యమ్మకు మేము నలుగురు బిడ్డలము, ఆ లారీ యైదవది" అని యామె నవ్వెను.

ఈ పాట్లను తప్పించిన వారిలో ఒకడు ఆండ్రూ ఫ్రీమన్ అను నాతడు. అమెరికాదేశమున నార్త్ డకోటా రాష్ట్రములోని గ్రాండ్ ఫోర్క్సు పట్టణమువాడు. పల్లెలకు విద్యుచ్ఛక్తి నందించు సహకారసంఘమునకు అధికారిగా నుండెను. విన్నిపెగ్ గుండా ప్రవహించు రెడ్ నదియే ఎగువను ఆ పట్టణము గుండా వచ్చుచున్నది. పాత ఇస్త్రీపెట్టెలోని వేడిచేయు తీగను, పారవేసిన రాగిగొట్టపు ముక్కలను తీసికొని అతడు మొదటి హీటరును చేసికొనెను. ఇంజను పైమూతను బిగించు బోల్టులలో ఒకదానిని తీసి, ఆ స్థానమున దీనిని దూర్చెడివారు. 1949లో దీనికి పేటెంటు లభించినది. మన బట్టల ముడుతలు తీయు ఇస్త్రీపెట్టె ఇంతటి యుపకారమునకు మూలమగుట చూడగా, ఇంటి వస్తువులలో అల్పమైనది లేదని తోచుచున్నది.

ఆ యేడు రథసప్తమి ఫిబ్రవరి 12వ తేదిన వచ్చెను. జిల్లేడాకులు లేవు, చిక్కుడాకులు లేవు. కిటికీ యొద్ద నిలిచి సూర్యునకు నమస్కరించితిని. ఆ మైదానములలో గొప్ప చలి పడిన దినములలో సూర్యునకు ఇరుప్రక్కల రెండు కాంతిబింబములు కనబడుచుండును. గాలిలో తేలు మంచుపలుకులమీద వెలుగు వంగుటవలన అవి కలుగును. మూడు సూర్యులు కనబడినను వెచ్చదనము మాత్రము ఒక సూర్యునిదియు ఉండదు. ఎండ వెన్నెలవలె చల్లగా నుండును. వెచ్చదనమును ఎండవలన ఆశింపరాదని, మనుష్యులే ఒకరికొకరు అమర్చుకొనవలెనని ఆ దేశము నేర్పుచున్నది.

నెలాఖరున నన్ను రెడ్ నదియు అసినిబోయిన్ నదియు కలియు సంగమస్థలమునకు తీసికొనిపోయిరి. ఫోర్క్సు అని దానిపేరు. గడ్డకట్టిన నదిమీద పిల్లలును పెద్దలును ఇనుపపాదుకలు తొడుగుకొని జారుచుండిరి. నేను గోదావరి గట్టున పుట్టినదానను. బూట్లతో నదిని త్రొక్కుటకు మనసొప్పక, వంగి చేతితొడుగు తీసి మంచును తాకి కన్నుల కద్దుకొని, ఆ తరువాతనే యడుగు పెట్టితిని. ఈ నదుల నీరు ఉత్తరమున విన్నిపెగ్ సరస్సును చేరి, అక్కడనుండి నెల్సన్ నది యను పేర హడ్సన్ అఖాతమున కలియును. ఆ నెల్సన్ నదిమీద కట్టలు కట్టి విద్యుచ్ఛక్తిని పుట్టించుచున్నారు. దాదాపు 900 కిలోమీటర్ల పొడుగున తీగలు వేసి దానిని నగరపు దాపునకు తెచ్చుచున్నారు. నా కాళ్ళ క్రింద గడ్డకట్టిన నదియే దూరమున వెలుగై పుట్టి, మరల వచ్చి ముంగిట కారును వెచ్చచేయుచున్నదన్న మాట.

మన పిల్లలు ఇప్పుడు విన్నిపెగ్, ఎడ్మంటన్, మినియాపొలిస్ వంటి చలియూళ్ళలో పెక్కుమంది కాపురములు చేయుచున్నారు. శీతకాలమున పురిటికి పోవు తల్లులకు నా యనుభవమునుండి నాలుగు మాటలు చెప్పెదను. సున్నకు దిగువ 15 డిగ్రీలు మించిన చలిలో హీటరు పెట్టుట మేలని అక్కడివారి మాట. ఇప్పటి క్రొత్త కార్లు, పలుచని నూనెలు మునుపటికంటె తేలికగా పలుకునవి గనుక కొద్దిచలికి అక్కరలేదు. త్రాడు వెలుపలి వాడుకకు చేసిన లావుపాటిదై, మూడు ముండ్లదై యుండవలెను. ఇంటిలోపలి సన్నని తీగను వాడరాదు. అది వేడెక్కి కాలును. నలిగిన త్రాటిని వెంటనే మార్చవలెను. బయలుదేరుటకు ముందు ప్లగ్గు ఊడదీయుట మరువరాదు. మరచి త్రాటిని ఈడ్చుకొనిపోవువారు ఆ యూరిలో ఏటేట కనబడుచునే యుందురు. కారుశాల తలుపు మూసి, ఇంజను వెచ్చబడుటకై నడుపుచు కూర్చుండుట ప్రాణాపాయము. ఆ పొగలో వాసనయు రంగును లేని విషవాయువు గలదు. హీటరుకు అట్టి పొగ లేదు. కొన్ని కార్లశాలలలో గుంజలకు కరెంటు కొంతసేపు వచ్చుచు, కొంతసేపు ఆగుచు నుండును. అది చెడినదని బెదరనక్కరలేదు, పొదుపు కొరకు చేసిన యేర్పాటు. విద్యుత్తుతో నడచు కార్లకును ఈ పని తప్పలేదు. ప్లగ్గు తగిలించి యుండగనే వాని బ్యాటరీని వెచ్చచేసికొని బయలుదేరుదురు.

అన్నిటికంటె ముఖ్యమైన మాట యొకటి. క్రొత్త యింట ఏ స్విచ్చినైనను ఆర్పుటకు ముందు అది దేనికని అడుగుడు. పొదుపు మంచి గుణమే. దేనిని పొదుపు చేయుచున్నామో తెలిసికొననిచో అదియే చేటగును.

మన యిండ్లలో బాలింత మంచము క్రింద కుంపటి పెట్టుట యెరుగుదుము. బిడ్డ పుట్టిన పిమ్మట పెట్టునది ఆ కుంపటి. విన్నిపెగ్ నగరమున బిడ్డ పుట్టుటకు ముందే, వీథిలో, కారు గుండెలో కుంపటి పెట్టవలెను. అవసరము వచ్చిన పిమ్మట రాజేసిన నిప్పు ఆ చలిలో పనికిరాదు. ఎదురింటి యామెకు ఆ సంగతి చిన్ననాటినుండి తెలియును. కావుననే అడుగకుండ, చెప్పకుండ, పది రాత్రులు ముందుగా రాజేసి యుంచినది.

మా మనుమరాలు ఇప్పుడు బడికి పోవుచున్నది. ఏటేట జనవరి నెలలో నేను రాజమహేంద్రవరమునుండి ఫోను చేసి మొదట అడుగుమాట, "ఎఱ్ఱదీపము వెలుగుచున్నదా?" అని. ఆ పిల్ల పెరటి తలుపు వరకు పరుగెత్తి చూచివచ్చి, "వెలుగుతోంది అమ్మమ్మా" అని చెప్పును. రెండవమాట, "ఎదురింటి మామ్మగారి యింట?" అని. కిటికీలోనుండి చూచి, ఆమె ముంగిట మంచుమీద నల్లని త్రాడు కనబడుచున్నదని చెప్పిన తరువాతనే నేను నా యింటి దీపమార్పి పడుకొందును.